లింగమను మాట, మనుష్యునకు పెట్టు పేరు



వేములవాడ శ్రీ రాజరాజేశ్వరస్వామివారి క్షేత్రమున శ్రీరామనవమి నాడు జరుగు కల్యాణమును ఒక్కసారియైనను చూడని కుటుంబము మన వీర్నపల్లి ప్రాంతమున అరుదు. శివక్షేత్రమున సీతారాముల కల్యాణము జరుగుటయే ఒక విశేషము. దానితోడి విశేషము మరియొకటి కలదు. ఆ ముహూర్తముననే శివపార్వతులని పిలువబడువారును, జోగినులును, హిజ్రాలును పెద్ద సంఖ్యలో చేరి, త్రిశూలములు చేతబట్టి, ఒకరిపై నొకరు తలంబ్రాలు పోసికొని, తాము ఆ పరమశివునే పెండ్లియాడినట్లు భావించుకొందురు. వారిలో పురుషులుగా పుట్టి స్త్రీవేషమున జీవించువారు అనేకులు. పట్టుచీర కట్టి, పసుపు కుంకుమలు ధరించి వచ్చిన వారికి గ్రామములనుండి వచ్చిన గృహస్థులు నమస్కరించి, ఆశీర్వాదమును గోరుదురు.

కొన్ని నెలల క్రిందట వీర్నపల్లి మండలములోని ఒక గ్రామమున బసవపురాణ ప్రవచనము ముగిసి, ప్రసాద వినియోగము జరుగుచుండగా ఒక తల్లి నన్ను ప్రక్కకు పిలిచి యడిగిన మాట ఇది. ఆమె మాటలలోనే వ్రాయుచున్నాను.

"అయ్యగారూ, పోయిన నవమికి రాజన్న గుళ్లె మా అత్త శివపార్వతులకు దండం పెట్టింది, నాతోని గూడ పెట్టించింది. మా పెద్దోడు, నేను మొగపిల్లగాన్ని కాదమ్మా, ఆడపిల్లను అన్ననాడు వాళ్ల నాయిన చెంప వల్గగొట్టిండు. గుళ్లె దండం, ఇంట్లె దెబ్బలా? ఇదేం ధర్మం?"

నాకు అప్పటికి సమాధానము తోచలేదు. శివునియందు మనసు నిలుపుమని ఏదో చెప్పి పంపితిని. అది సమాధానము కాదని ఆమెకును తెలియును, నాకును తెలియును. తరువాత కొంత చదివి, కొందరు పెద్దలతోడను, ఒక వైద్యునితోడను, ఒక న్యాయవాదితోడను ముచ్చటించి, గ్రహించినదానిని ఈ పాఠముగా వ్రాయుచున్నాను. ఆ తల్లి ఊరును, పేరును ఇచట చెప్పను. ఇంటరు చదువుచున్న ఆ సంతానమును 'ఆ బిడ్డ' అని మాత్రమే పేర్కొందును. ఎందువలననో ముందు ముందు తెలియగలదు.

మొదట మాటను చూతము. లింగమను పదమునకు చిహ్నము, గుర్తు అని అర్థము. పొగ నిప్పునకు లింగమని తార్కికులు చెప్పుదురు. పొగను చూచి నిప్పు కలదని ఊహింతుము గాని, పొగయే నిప్పు అనుకొనము. మనము ధరించు ఇష్టలింగము నిరాకారమైన పరవస్తువునకు చిహ్నము. వ్యాకరణములోని పుంలింగ, స్త్రీలింగ, నపుంసకలింగములును చిహ్నములే. శిశువు పుట్టగానే ఆసుపత్రి చీటీపై నింపు 'లింగము' అను గడియు ఒక చిహ్నమే. ఒకే పదము ఇన్నిచోట్ల వచ్చుట కాకతాళీయము కాదు. అన్నిచోట్లను పైకి కనబడు గుర్తునుబట్టి లోపలి వస్తువును తెలిసికొను ప్రయత్నము కలదు. ఆ ప్రయత్నము తరచుగా సఫలమగును. ఎప్పుడును సఫలమగునని మాత్రము చెప్పరాదు.

మన తెలుగు వ్యాకరణమునందు మరియొక వింత కలదు. మన వ్యాకరణకర్తలు నామములను మహత్తు, మహతి, అమహత్తు అని విభజించిరి. 'అన్న వచ్చినాడు' అందుము. 'అక్క వచ్చినది', 'ఆవు వచ్చినది', 'బండి వచ్చినది' అని తక్కినవానికన్నిటికిని ఒకే క్రియను వాడుదుము. బహువచనమునకు వచ్చుసరికి 'అన్నలు వచ్చినారు', 'అక్కలు వచ్చినారు', కాని 'ఆవులు వచ్చినవి'. ఏకవచనమున అక్కను ఆవుతో చేర్చిన భాషయే బహువచనమున ఆమెను అన్నతో చేర్చినది. ఇద్దరు అక్కలు కలిసి వచ్చినంతమాత్రమున వారి ప్రకృతి మారలేదు గదా! మారినది భాష వేసికొన్న గీత. ఇక 'వారు' అను సర్వనామము పురుషుడా, స్త్రీయా అని అడుగనే అడుగదు. గౌరవము చూపదలచినపుడు మన పూర్వులు ఆ ప్రశ్నను విడిచిపెట్టిరి.

ఇక మన ఇతిహాసములకు వత్తము. వేములవాడను రాజధానిగా చేసికొని పాలించిన చాళుక్య ప్రభువు రెండవ అరికేసరి ఆస్థానమున పంపకవి 941లో విక్రమార్జున విజయమును కన్నడమున రచించెను. ఆ కవి తన ప్రభువును అర్జునునితో అభేదముగా వర్ణించెను. ఆ అర్జునుడే విరాటుని కొలువున ఒక సంవత్సరము బృహన్నలయై ఉత్తరకు నాట్యము నేర్పినవాడు. రాజును పొగడదలచిన కవికి బృహన్నల కథ అడ్డు రాలేదు. తెలుగున తిక్కన సోమయాజి తన భారతరచనను విరాటపర్వముతోనే ఆరంభించెను. బృహన్నలది శాపఫలము, కొంతకాలమునకు పరిమితమైన వేషమని మీరనవచ్చును. అది నిజమే. కావున శిఖండిని చూడుడు. ద్రుపదునకు కుమార్తెగా పుట్టి, కుమారునిగా పెంపబడి, స్థూణాకర్ణుడను యక్షునివలన పురుషత్వమును పొందిన శిఖండిని భీష్ముడు జన్మనుబట్టి స్త్రీగనే ఎంచి బాణము వేయనని పలికెను. పాండవ పక్షమువారికి ఆయన మహారథుడు. ఒకే వ్యక్తిని గూర్చి ఒకే యుద్ధభూమిలో రెండు అభిప్రాయములు! వ్యాసభగవానుడు ఆ రెంటిని అట్లే నిలిపి, కథను నడిపించినాడు. నేడు ప్రపంచమంతటను న్యాయస్థానములలో జరుగుచున్న వాదము దాదాపు ఇదియే.

పేర్ల సంగతికి వత్తము. మన సంస్కృతమున 'నపుంసకుడు' అను మాటకు పురుషుడు కానివాడని అర్థము. ఒకనికి ఏమి లేదో దానినిబట్టి పెట్టిన పేరది. 'తృతీయా ప్రకృతి' అను మాట వాత్స్యాయనుని కామసూత్రమున కలదు. అది లోపమును చెప్పక మూడవ స్వభావమని మాత్రమే చెప్పును. తెలుగు కన్నడములలో 'పేడి' అను పాత మాట ఉన్నది. బజారున తిట్టుగా వాడు 'కొజ్జా' అను మాట పుట్టుక వింటే ఆశ్చర్యము కలుగును. పారసీక భాషలో 'ఖ్వాజా' అనగా ప్రభువు, పెద్దమనిషి. తురుష్క రాజుల అంతఃపురములను కాచిన ఉద్యోగులను ఆ గౌరవనామముతో పిలిచెడివారు. అది ఖోజాయై, కొజ్జాయై, నేడు ఎవరిని ఎత్తిపొడువవలెనన్నను నోటికి వచ్చు మాటయైనది. మాట మంచిదైనను పలుకువాని మనస్సు చెడినచో అది నిలువదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

హిజ్రా అనునది ఒక సమాజము పేరు. వారికి గురువులును, శిష్యులును, ఇంటి వంశములును కలవు. ఇంటినుండి వెళ్ళగొట్టబడినవారికి అదియే ఇల్లు. కర్ణాటకమున సౌందత్తి ఎల్లమ్మ భక్తులలో జోగప్పలని వేరొకరు కలరు. మన వేములవాడలో శివపార్వతులు. ఆంగ్లమునుండి వచ్చిన 'ట్రాన్స్‌జెండర్' అను మాట, పుట్టినపుడు వ్రాయబడిన లింగమునకును తమ అంతరంగమునకును పొత్తు కుదరనివారందరికి వర్తించును. స్త్రీగా పుట్టి పురుషునిగా జీవించువారును అందులో చేరుదురు. వారిని గూర్చి మన గ్రామములలో వినుటయే తక్కువ. ఇందుకు తెలుగు పత్రికలు చాలకాలము వాడిన 'లింగమార్పిడి' అను మాట సరియైనది కాదు. ఆ మాట వినగానే శస్త్రచికిత్స జరిగినదని తోచును. అనేకులకు అట్టిది జరుగదు. పుట్టుకతోనే శరీరనిర్మాణము స్త్రీపురుష లక్షణములకు పూర్తిగా సరిపడని శిశువుల విషయము మరియు వేరు. అది శరీరమునకు సంబంధించినది. 2019లో మదరాసు హైకోర్టు, అట్టి శిశువులకు అనవసరముగా శస్త్రచికిత్స చేసి ఏదో యొక లింగమునకు సరిపరచరాదని తమిళనాడు ప్రభుత్వమును ఆదేశించినది. ఎవరిని ప్రేమింతురు అనునది ఇంకొక ప్రశ్న. ఈ మూడింటిని ఒకే సంచిలో వేసి కుట్టి, పైన ఒక తిట్టు వ్రాయుట మన వాడుకయైపోయినది.

ఇక పైవారు పెట్టిన పేరు ఎంత ప్రమాదకరమో చెప్పు ఉదాహరణము మన నిజాము రాజ్యముననే కలదు. 1871లో ఆంగ్లేయులు నేరస్థ జాతుల చట్టమును చేసినపుడు అందు ఈ జనులను గూర్చిన భాగమును కూడ చేర్చిరి. దానినే అనుసరించి ఫసలీ 1329లో, అనగా 1919 ప్రాంతమున, హైదరాబాదు రాజ్యమున 'యూనక్స్' చట్టము వచ్చినది. అనుమానితులైనవారి పేర్లను, నివాసములను ఒక దస్త్రమున నమోదు చేయవలెను. అట్లు నమోదైనవారు వీధిలో స్త్రీవేషమున కనబడినను, నగలు పెట్టుకొనినను, ఆడినను, పాడినను వారంటు లేకుండ పట్టుకొనవచ్చును. రెండేండ్లవరకు కారాగారము. పిల్లలను ఎత్తుకొనిపోయి అంగవిహీనులను చేయు నేరమును అరికట్టుటకై అని చెప్పిరి గాని, దెబ్బ తగిలినది చీర కట్టిన ప్రతివారికి. నిజాము రాజ్యము 1948లో ముగిసినది. రాజ్యాంగము 1950లో వచ్చినది. ఆ చట్టము మాత్రము పుస్తకమున అట్లే మిగిలి, చివరకు 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. అంటే నూరేండ్లకు పైగా, నవమి నాడు గుడిలో మనము దండము పెట్టినవారిని గుడి వెలుపల వీధిలో పట్టుకొనుటకు వీలిచ్చు చట్టము ఈ తెలంగాణమున బ్రతికి యున్నది! ఆ తల్లి అడిగిన ప్రశ్న ఆమె ఇంటిది మాత్రమే కాదని అప్పుడు నాకు తెలిసినది.

వీరశైవ సిద్ధాంతము ఈ విషయమున ఏమి చెప్పుచున్నదని పాఠకులు అడుగుదురు. ఇచట రెండు విధముల తొందరపాటును విడిచి మాటలాడవలెను.

శరణుడు సతి, లింగము పతి అనునది మన సాధనలో పునాది వంటి భావము. మీసములు గల మహావీరుడైనను, రాజ్యభారము మోసిన దండనాయకుడైనను లింగము ముందు తాను భార్యయే. బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని భండారమును నిర్వహించిన ప్రధాని. ఆయనయే తాను ఒకప్పుడు పురుషుడనియు, ఒకప్పుడు స్త్రీ అనియు తెలుపు భావమును తన వచనమున పలికెను. నేతగాడైన జేడర దాసిమయ్య మరియు స్పష్టముగా, శరీర చిహ్నములను చూచి లోకము స్త్రీ, పురుషుడు అని పేర్లు పెట్టునే గాని నడుమనున్న ఆత్మకు ఆ రెండును లేవని బోధించెను. మగ్గముల నడుమ పెరిగిన మన సిరిసిల్లవారికి ఆ మాట సులభముగా తెలియవలెను. పడుగు, పేక అని వేరు వేరుగా చెప్పుకొందుము గాని, కట్టుకొనునది బట్టనే గదా! దీక్షనందును ఇదే న్యాయము. పురుషునకు ఒక తీరు, స్త్రీకి ఒక తీరు ఇష్టలింగములు లేవు. శరణులు జననసూతకమును, రజస్సూతకమును త్రోసివేసినది కూడ శరీరధర్మమునుబట్టి మనుష్యుని దూరము పెట్టరాదనియే.

అయితే కొందరు నవీనులు, పన్నెండవ శతాబ్దముననే బసవాదులు నేటి ట్రాన్స్‌జెండర్ సిద్ధాంతమును చెప్పిరని వ్రాయుచున్నారు. అది అతిశయోక్తి. శరణసతి భావము ఆత్మకును, లింగమునకును గల సంబంధమును చెప్పునది. దానిని పలికిన శరణులు లోకమున పురుషులుగనే, స్త్రీలుగనే జీవించి, సంసారములు చేసిరి. తన శరీరమున తాను ఇముడలేని ఒక బిడ్డ పడు బాధను గూర్చి వారు గ్రంథము వ్రాయలేదు. దీనికి ఎదురుగా మన పెద్దలు కొందరు, అది అధ్యాత్మము, ఇది లోకవ్యవహారము, రెంటికి సంబంధము లేదని తలుపు మూయుదురు. అదియు సరికాదు. ఆత్మకు లింగభేదము లేదని పీఠముపై కూర్చుండి చెప్పి, పీఠము దిగగానే ఒకని నడకను చూచి నవ్వుట ఏ ఆచారము? అధ్యాత్మము వ్యవహారమున దిగవలెననియే గదా బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును బోధించినది. మర్యాదగా పిలుచుటను స్వర్గమునకును, హీనముగా పిలుచుటను నరకమునకును ముడివేసినవాడు ఆయన. పిలుపు చిన్న విషయమని ఆయన అనుకొనలేదు.

నేటి అభిప్రాయములను కొంచెము చూతము. స్త్రీత్వము, పురుషత్వము జన్మతో, శరీరముతో నిర్ణయమైనవి, మనస్సు చెప్పినంతమాత్రమున మారవని ఒక పక్షము. ఈ పక్షమువారందరు దుర్మార్గులు కారు. స్త్రీల ఆసుపత్రి వార్డులు, చెరసాలలు, ఆటల పోటీలు మొదలైనవానిలో ఆడవారి భద్రతకు భంగము కలుగునని వారిలో అనేకులు, ముఖ్యముగా స్త్రీలే, చింతించుచున్నారు. 2025 ఏప్రిలులో బ్రిటను సుప్రీము కోర్టు, ఆ దేశపు 2010 నాటి సమానత్వ చట్టములో స్త్రీ అను మాటకు జన్మచేత స్త్రీ అనియే అర్థమని తీర్పు చెప్పినది. అయితే లింగము మార్చుకొన్నవారికి వివక్షనుండి ఆ చట్టము వేరుగా ఇచ్చిన రక్షణ అట్లే నిలుచునని కూడ చెప్పినది.

మనుష్యుడు తన్ను తాను ఏమని ఎరుగునో అదియే ప్రధానమని రెండవ పక్షము. మన భారత సుప్రీము కోర్టు 2014 ఏప్రిలు 15న, నేషనల్ లీగల్ సర్వీసెస్ అథారిటీ వేసిన వ్యాజ్యమున, తాను స్త్రీయో, పురుషుడో, మూడవవారో చెప్పుకొను హక్కు ఆ వ్యక్తిదే అని తీర్పునిచ్చినది. తరువాత 2019లో పార్లమెంటు చేసిన చట్టము జిల్లా మేజిస్ట్రేటువద్ద ధ్రువపత్రము పొందు పద్ధతిని పెట్టినది. ఆ పద్ధతి తీర్పు ఇచ్చిన స్వేచ్ఛను తగ్గించినదని వారిలోనే అనేకులు ఆక్షేపించిరి. వైద్యశాస్త్రముకూడ కదలినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరినుండి అమలుపరచిన వ్యాధుల పట్టికలో ఈ స్థితిని మనోవ్యాధుల అధ్యాయమునుండి తొలగించినది. కావున భూతవైద్యునివద్దకు కొనిపోవుటయు, పెండ్లి చేసినచో కుదురుకొనుననుటయు శాస్త్రము కాదు. ముఖ్యముగా ఆ రెండవది మహాపాపము. మరియొక ఇంటి ఆడపిల్ల బ్రతుకును మందుగా వాడుకొనుట అది.

చిన్నవయస్సువారికి హార్మోనులు, శస్త్రచికిత్సలు ఇచ్చుటను గూర్చి వైద్యులలోనే ఏకాభిప్రాయము లేదు. బ్రిటనులో 2024లో వెలువడిన డాక్టరు హిలరీ కాస్ నివేదిక, ఇట్టి చికిత్సలకు గల ఆధారములు బలహీనములని చెప్పినది. తరువాత అచట పదునెనిమిది ఏండ్లలోపు వారికి యౌవనమును ఆపు మందులను ఈ నిమిత్తమై ఇచ్చుట నిషేధింపబడినది. ఇతర దేశములలో వేరుగా తలచు వైద్యసంఘములును కలవు. నా మట్టుకు నేను చెప్పునది ఇంతే: బిడ్డను వినుట వేరు, శరీరమునకు కత్తి తగిలించుట వేరు. వినుటకు వయస్సు అడ్డము కాదు. కత్తికి మాత్రము తొందర పనికిరాదు. ఇంటిలో వినకున్ననే ఆ బిడ్డ ఏ రాత్రియో భివండి బస్సెక్కి, ఎవరో తెలియని చేతులలో, వైద్యము తెలియనివాని కత్తిక్రింద పడును. అట్లు రహస్యముగా జరుగు అంగచ్ఛేదములలో ప్రాణములు పోయినవారు కలరు.

మూడవ అభిప్రాయము మన గ్రామములది. దానికి సిద్ధాంతము లేదు. గుడిలో దేవుని సతులు, శిశువు పుట్టిన ఇంట దీవించువారు, బజారున నవ్వులాట. ఇందు మొదటిదానిని గూర్చి కూడ జాగ్రత్తగా మాటలాడవలెను. దేవునికి పెండ్లి అను మాటను అడ్డుపెట్టుకొని దళిత కుటుంబముల చిన్న ఆడపిల్లలను జోగినులుగా చేసి ఊరి పెత్తందార్లు అనుభవించిన పాపము మన తెలంగాణమునకు కలదు. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దానిని నిషేధించు చట్టము చేయవలసివచ్చెను. నవమి నాడు ఒకే మండపమున నిలిచిన ఇద్దరిలో ఒకరు తాముగా శివుని వరించినవారు, ఇంకొకరు పసితనమున ఎవరో అర్పించినవారు కావచ్చును. తలంబ్రాలు ఒకటే, త్రిశూలము ఒకటే. కాని ఒకరిది తాను ఎన్నుకొన్న పేరు, ఒకరిది మెడకు కట్టిన పేరు. ఈ భేదమును చూడక రెంటిని పొగడుటయు తప్పే, రెంటిని తిట్టుటయు తప్పే. నా దృష్టిలో ఈ చర్చ అంతటికిని గీటురాయి ఇచటనే ఉన్నది: పేరు పెట్టినది ఎవరు, ఎవరి మేలుకొరకు?

దుకాణములవద్దను, పెండ్లిండ్లలోను, రైళ్ళలోను బలవంతముగా డబ్బు అడుగుట, ఈయకున్న అవమానించుట గూర్చి మన పాఠకులకు ఫిర్యాదు కలదు. అది న్యాయమైన ఫిర్యాదే. చేయి చాచినవారందరు సాధువులని నేననను. అయితే కాయకమును బోధించు మనము ఒక ప్రశ్న వేసికొనవలెను. వారికి కాయకము ఎవరిచ్చినారు? మగ్గముపై కూర్చుండబెట్టినవారెవరు, దుకాణమున లెక్కలు వ్రాయ పెట్టుకొన్నవారెవరు, అద్దెకు ఇల్లు ఇచ్చినవారెవరు? అవకాశమిచ్చినచోట ఫలితము కనబడుచునే యున్నది. 2022లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ స్త్రీలు వైద్యాధికారులుగా చేరిరి. 2024 డిసెంబరులో హైదరాబాదు ట్రాఫిక్ పోలీసు విభాగమున 39 మందిని సహాయకులుగా నియమించిరి. 2011 జనాభా లెక్కలలో మొదటిసారిగా స్త్రీపురుషులు కాక 'ఇతరులు' అను గడి పెట్టినపుడు దేశమున 4,87,803 మందియు, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 43,769 మందియు అందు లెక్కకు వచ్చిరి. ఆ గడిలో తమను వ్రాయించుకొన వెరచినవారు ఎందరో ఆ లెక్క చెప్పజాలదు.

మన మఠములకు ప్రత్యేకముగా వచ్చు ప్రశ్నలు కొన్ని కలవు. ఇట్టివారు లింగదీక్ష కోరినచో ఏమి చేయవలెను? లింగమునకు లింగభేదము లేదని పైన చెప్పితిని. దీక్ష ఈయకుండుటకు నాకు శాస్త్రమున కారణము కనబడలేదు. దీక్షానామము ఏది పెట్టవలెనని అడుగగా ఒక పెద్ద అయ్యవారు, వారినే అడిగిన పోలా అని నవ్విరి. అట్లే మఠమునకు వచ్చినపుడు స్త్రీల పంక్తిలో కూర్చుండబెట్టవలెనా, పురుషుల పంక్తిలోనా అని ఒకరికి సంశయము. స్త్రీల పంక్తిలోనివారికి అభ్యంతరమున్నచో దానిని కూడ వినవలసినదే, వారి సంకోచమును ఎగతాళి చేయరాదు. దాసోహమున పంక్తులను విడదీయకుండినచో ఆ సంశయమే పుట్టదు. చివరిదైన ప్రశ్న మరణానంతరముది. ఇల్లు విడిచినవారి శరీరమును తీసికొనుటకు తల్లిదండ్రులు రాని సందర్భములు కలవు. లింగధారియైనవారిని కూర్చుండబెట్టి సమాధి చేయు మన సంప్రదాయము, ఆ శరీరము ఏ బట్ట కట్టినదని అడుగదు. ఎవరును రానిచో మఠమే రావలెను.

తిరిగి ఆ తల్లివద్దకు వత్తము. రెండు మాసముల పిమ్మట మరల ఆ గ్రామమునకు పోయినపుడు ఆమెయే ఎదురు వచ్చినది. పైన వ్రాసినదానిలో కొంత ఆమెకు చెప్పితిని. ఎక్కువ భాగము వినిపించుకొనలేదు. తీర్పులతో ఆమెకు పనిలేదు. ఒక్కటే అడిగినది:

"మరి ఇంట్లె ఏమని పిలువాలె అయ్యగారూ? వాడనాల్నా, అది అనాల్నా?"

ఆ బిడ్డనే అడిగితివా అంటిని. అడుగలేదన్నది. భర్త ఆ మాట ఎత్తనీయడట. అత్తగారు మాత్రము, నవమి నాడు దండము పెట్టిన ఆ ముసలమ్మయే, ఎవరును చెప్పకుండనే ఒక ఉపాయము కనుగొన్నదట. పేరు పెట్టి పిలుచుట మానివేసి, "నా బంగారం, బువ్వ తిను రా" అనుచున్నదట. ఆ బిడ్డ అవ్వ దగ్గర మాత్రము కడుపునిండ తినుచున్నది. దెబ్బ కొట్టిన నాటినుండి తండ్రితో మాటలు లేవు. తండ్రియును ఇప్పుడు చేయి ఎత్తుట లేదు, ఎదుట కూర్చుండుటయు లేదు. రాబోవు నవమికి అందరము కలిసి వేములవాడ పోదుమని అవ్వ పట్టు పట్టినదట. ఆయన ఔననలేదు, కాదనలేదు. బండి మాట్లాడి పెట్టుమని మాత్రము చిన్న కుమారునితో చెప్పినాడని ఆ తల్లి చెప్పినది.